గుర్రాల్ని ఎక్కించే బండి లోపల లైట్లు దావలో ఆరిపోతాండాయి, తెలిసినోళ్లు చెప్పండి (చిత్తూరు)

చిత్తూరు_లాయం
అందరికీ నమస్తే. మాది చిత్తూరు పక్కన పల్లె. పెండ్లిండ్లకి, గుడి ఉత్సవాలకి గుర్రాలు తోలుకోని పోతాం, రెండు గోడిగలు, ఒక మగ గుర్రం ఉండాయి. వాటిని ఎక్కించుకోని పోయే మోటారు బండి 14 అడుగులది, 12 వోల్టుల బ్యాటరీ. వెనక బాడీ గుర్రాల కోసమనే కట్టించింది, అడుగున అల్యూమినియం చెకర్ ప్లేటు, దానిమీద రబ్బరు మ్యాటు, పక్కలకి ప్యాడింగు, వెనక కిందికి దించే ర్యాంపు.

సమస్య లోపలి లైట్లు. కప్పుకి ఆరు ఎల్‌ఈడీలు, ర్యాంపు మీద ఒకటి, ఒక్కోటి 4 వాట్లు. బండి ఆపి ఉంటే వెలగతాయి గానీ మసగ్గా, ఇంజిన్ స్టార్ట్ చేస్తే రవ్వంత పెరగతాయి, రోడ్డెక్కినాక టపటపా కొట్టుకుంటాయి, ఆఖర్లో ఉండే రెండూ అయితే మొగిలి ఘాట్ లో పూర్తిగా ఆరిపోయి మళ్లా వాటంతట అవే వస్తాయి. ర్యాంపు లైటు ఎప్పుడొస్తాదో ఎప్పుడు పోతాదో చెప్పలేం. ఒక ఎలక్ట్రీషియన్ లైట్లన్నీ తీసేసి కొత్తవి ఏసినాడు, కొన్నాళ్లు బ్రహ్మాండంగా ఉన్నింది, మళ్లా అదే కత. ఇంకొకాయన చూసి మొత్తం వైరింగ్ పీకి కొత్తది లాగాల అంటాడు.

డబ్బులు పోతే పోనీ, నా బాధంతా పెద్ద గోడిగ గురించి. ముహూర్తం తెల్లారుజామున ఉంటే మబ్బులోనే ఎక్కించాల, అది ర్యాంపు మీద ముందరికాళ్లు పెట్టి లోపల లైటు కొట్టుకునేది చూసి బెదిరి ఎనక్కి లాక్కుంటాది. ముందు పిలిస్తే ఎక్కేది, ఇప్పుడు బండి కనిపిస్తేనే చెవులు ఎనక్కి పెడతాది. పీకే ముందర అసలు కారణం ఏందో తెలుసుకోవాలని ఈడ రాస్తా ఉండా.

పాకాల_డ్రైవరన్న
బ్రో వైరింగ్ జోలికి పోకుండా ఛార్జింగ్ లైట్లు దొరకతాయి, వెనక మ్యాగ్నెట్ ఉంటాది, కప్పుకి నాలుగు అతికించేయ్, ఇంటికొచ్చి ఛార్జింగ్ పెట్టుకో. మా కోళ్ల బండిలో అట్టే చేసినాం, బాగానే ఉండాయి.

వైరింగ్_మామ_తిరుపతి
పాకాల తమ్ముడూ, కోళ్ల బండికి సరిపోతాది గానీ గుర్రాల బండికి వద్దు. ఆయన బాడీ లోపల అల్యూమినియం ఉంటే మ్యాగ్నెట్ పట్టదు, ఇనప కమ్మీకి పట్టినా దావలో అదిరి కింద పడితే గుర్రం కాలికిందకి పోతాది. దాంట్లో లిథియం బ్యాటరీ, కింద ఎండుగడ్డి. గిట్ట పడి బ్యాటరీ చితికితే నిప్పు పుడతాది. టార్చి మాదిరి చేతిలో పెట్టుకోడానికి ఒకటి ఉంచుకోండి, కప్పుకి మాత్రం వద్దు.

చిత్తూరు తమ్ముడూ, వైరింగ్ ఇప్పుడే పీకొద్దు. కొత్త లైట్లు ఏసినాక కొన్నాళ్లు బాగుండి మళ్లా అదే అయిందంటే తప్పు లైట్లది కాదు. మార్చేటప్పుడు ఆయన జాయింట్లు విప్పి, గీకి, మళ్లా బిగించింటాడు, దాంతో కొన్నాళ్లు కరెంటు బాగా పారింటాది. మన బండ్లలో ప్లస్ వైరు ఒకటే లాగి మైనస్ కి బాడీనే వాడతారు గదా, ఆ బాడీ ఎర్త్ బోల్టు కాడ తుప్పు పడితే కరెంటు తిరిగొచ్చే దావ ఇరుకవుతాది. లైటు మసగ్గా ఉండేది, బండి అదిరితే కొట్టుకునేది, దూరంగా ఉండే లైటు ముందు చచ్చేది, అన్నీ ఎర్త్ గుణాలే. అయినా ఊహతో బోల్టులు విప్పకుండా ముందు కొలువు.

మల్టీమీటర్ డీసీ 20 మీద పెట్టు. లైట్లన్నీ ఏసి, ఇంజిన్ నడస్తా ఉండగా, బ్యాటరీ రెండు కొనల మధ్య ఎంతుందో చూడు, ఆఖరి లైటు రెండు వైర్ల మధ్య ఎంతుందో చూడు, తర్వాత పొడుగు వైరు ఒకటి మీటరుకి కలుపుకోని బ్యాటరీ ప్లస్ నుంచి ఆ లైటు ప్లస్ దాకా, బ్యాటరీ మైనస్ నుంచి ఆ లైటు మైనస్ దాకా విడివిడిగా చూడు. లైట్లు వెలగతా ఉన్నప్పుడే కొలవాల, ఇది శానామంది చేయరు. లైట్లన్నీ పీకేసి ఉత్త వైర్ల మధ్య కొలిస్తే 14 చూపిస్తాది, అంతా బాగుండాది అనుకుంటారు. కరెంటు పారకపోతే కుళ్లిన జాయింటు కూడా మంచిదాని మాదిరే అగపడతాది.

చంద్రగిరి_పికప్
ఇంత కష్టం ఎందుకన్నా, వెనక టెయిల్ ల్యాంపుకి వైరు బాగానే ఉంటాది గదా, ఆడ నుంచి ఒక ట్యాపు కొట్టి లోపలికి ఇచ్చేస్తే అయిపాయె. హెడ్ లైటు ఏస్తే లోపల కూడా వెలగతాయి.

వైరింగ్_మామ_తిరుపతి
ఆ పని మాత్రం చేయొద్దు. గుర్రం కొరికో, ఇంకేదన్నా తగిలో లోపల షార్టయితే టెయిల్ ల్యాంపు ఫ్యూజు పోతాది. రాత్రి హైవేలో వెనక ఎర్రలైటు లేకుండా బండి నిదానంగా పోతా ఉంటే వెనకొచ్చే లారీకి అగపడదు. లోపల ఉండేది ప్రాణాలు. లోపలి లైట్లకి విడిగా ఫ్యూజు ఉండి తీరాల.

చిత్తూరు_లాయం
మామా మీరు చెప్పినట్టే కొలిచినా, మా తమ్ముడు మీటరు పట్టుకున్నాడు. బ్యాటరీ కాడ 14.2. ఆఖరి లైటు కాడ 10.1. ప్లస్ నుంచి ప్లస్ కి 0.4. మైనస్ నుంచి మైనస్ కి 3.7. లైట్లన్నీ పీకి కొలిస్తే నిజంగానే 14.1 చూపించింది, రెండో ఎలక్ట్రీషియన్ ఇట్టే కొలిచి సప్లై బాగుండాది అన్నాడు.

వైరింగ్_మామ_తిరుపతి
లెక్క సరిపాయె చూడు, 10.1 కి 0.4, 3.7 కలిపితే 14.2. పోయిన వోల్టులన్నీ యాడ పోయినాయో తెలిసిపోయింది. ప్లస్ పక్క 0.4 పోయేది మామూలే, 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు 10 మీటర్లకి సుమారు 0.12 ఓమ్ ఉంటాది, నీ ఏడు లైట్లకి రెండు యాంపుల పైచిలుకు పారతాది, దానికి పావు వోల్టు దాకా పోతాది, మిగిలింది ఫ్యూజు, స్విచ్ తింటాయి. మైనస్ పక్క 3.7 పోకూడదు, ఆ పక్క కూడా అర వోల్టు లోపలే ఉండాల. మామూలు 12 వోల్టుల ఎల్‌ఈడీల్లో మూడు మూడు ఎల్‌ఈడీలు వరసగా కట్టి ఒక రెసిస్టర్ పెట్టింటారు, 10 వోల్టులకి మసకబారతాయి, 9 కిందికి పోతే ఉండీ లేనట్టే. గుంతలో పడి బోల్టు కదిలినప్పుడల్లా ఆ హద్దు దాటి పోయి వస్తా ఉండాది, నీకు కొట్టుకున్నట్టు అగపడేది అదే. వైరింగ్ మొత్తం పీకే పనే లేదు.

ఇప్పుడు ఒకటి చెప్పు. గుర్రాలు బండిలో ఏ పక్కకి మొగం పెట్టి నిలబడతాయి?

చిత్తూరు_లాయం
అడ్డంగా నిలబెడతాం మామా, మొగం ఎడమపక్కకి, తోక కుడిపక్కకి. ఎందుకడిగినారు?

పశువుల_డాక్టరమ్మ
మామగారు ఎందుకడిగారో నాకు అర్థమైంది. ముందు ఎడమకి మొగం ఎందుకో చెప్తాను, చాలామందికి అలవాటుగా తెలుసు గానీ కారణం తెలీదు. 1978 నాటి జంతువుల రవాణా నియమాల్లోనే ఉంది, సరుకులు మోసే లారీలో గుర్రాల తల ఎదురొచ్చే బండ్లకి దూరంగా ఎడమవైపుకి ఉండాలని, బెదరకుండా, దెబ్బ తగలకుండా. జంతువుకీ జంతువుకీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల లావు వెదురు బొంగు ఉండాలి, ఒక బండిలో నాలుగు నుంచి ఆరుకి మించి ఎక్కించకూడదు, గంటకి 35 కిలోమీటర్లు దాటకూడదు, ఇవన్నీ అందులోవే. ఆ లెక్కన చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్లంటే రెండు గంటలు గుర్రం లోపల నిలబడే ఉంటుంది. అంతసేపూ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే దాని అవస్థ ఊహించండి.

ఇక తోక కుడిపక్క. గోడిగ ఉచ్చ వెనక్కి పోస్తుంది, అంటే కుడి గోడ అడుగుకి. మూత్రంలో యూరియా ఉంటుంది, బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియా చేస్తుంది, లాయంలో కళ్లు మండే వాసన అదే. అమ్మోనియా రాగినీ ఇత్తడినీ తినేస్తుంది, మూత్రంలో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి ఇనుమూ అల్యూమినియం కలిసిన చోట తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. మీ ఎర్త్ బోల్టు కుడిపక్క ఉంటే మామగారి అనుమానం నిజమే.

వైరింగ్_మామ_తిరుపతి
డాక్టరమ్మ చెప్పేసింది. కుడిపక్క ఛాసిస్ కమ్మీ కాడ, ప్లేటు జాయింటు కింద ఎతుకు తమ్ముడూ.

చిత్తూరు_లాయం
దొరికింది మామా. కుడిపక్క, వెనక చక్రానికి కొంచెం ముందర, ప్లేటు రెండు ముక్కలు కలిసే తావలో సరిగ్గా సందు కింద ఉండాది. బోల్టు చుట్టూ ఆకుపచ్చగా తెల్లగా పొడి, వైరు కొనకి ఉండే థింబుల్ పట్టుకుంటే చేతికి ఊడొచ్చింది. పైన చూస్తే మ్యాటు అంచు ఆడ లేచుండాది, నీళ్లు కొట్టి కడిగిందంతా ఆ సందులోనుంచి దాని మీదికే కారతా ఉండాది. ర్యాంపుదాంతో కలిపి ఏడు లైట్ల మైనస్ మొత్తం ఈ ఒక్క బోల్టుకే తెచ్చినారు.

పలమనేరు_దావ
బాడీ కట్టేవాళ్లు శానామంది ఇట్టే చేస్తారు, దగ్గర్లో బోల్టు దొరికితే దానికే బిగించేస్తారు. మాది ఆవుల బండి, మాకూ అదే తావలో పోయింది.

వైరింగ్_మామ_తిరుపతి
గీకి మళ్లా ఆడే బిగించొద్దు, వచ్చే సీజన్ కి మళ్లా ఇదే అవుతాది. లైట్ల మైనస్ కి విడిగా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగి, కప్పు లోపలే ముందరికి తెచ్చి, క్యాబిన్ వెనక ఛాసిస్ మీద బ్యాటరీ ఎర్త్ బిగించిన తావకే చేర్చు. వైరు కొనకి కలాయి పూసిన రాగి లగ్గు (థింబుల్) తీసుకో, క్రింపింగ్ ప్లయరుతో నొక్కు, కటింగ్ ప్లయరుతో నలిపేది వద్దు, పైన జిగురుండే స్లీవ్ ఏసి వేడి చెయ్. ఛాసిస్ మీద పెయింటు ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, పళ్లుండే వాషర్ ఏసి బిగించి, బిగించినాక పైన గ్రీజు పుయ్యి. కొందరు ముందే మధ్యలో గ్రీజు మెత్తతారు, ముందు ఇనుము ఇనుము ఆనాల, తర్వాతనే గ్రీజు. అంతా అయినాక మైనస్ నుంచి మైనస్ కి మళ్లా కొలిచి చెప్పు.

ఇంకొకటి, ఆ లైట్లకి ఫ్యూజు ఎన్ని యాంపులది ఉండాది?

చిత్తూరు_లాయం
ఇప్పుడే చూసినా, 25.

వైరింగ్_మామ_తిరుపతి
తీసేయ్ దాన్ని. ఏడు లైట్లకి 28 వాట్లు, రెండున్నర యాంపులు కూడా రాదు, 5 యాంపుల ఫ్యూజు చాలు. ఫ్యూజు ఉండేది లైటుని కాపాడేదానికి కాదు, వైరు కాలకుండా. వైరు యాడన్నా ఒరుసుకోని అరకొర షార్టయితే 15, 20 యాంపులు పారినా 25 ఫ్యూజు నిలబడే ఉంటాది, వైరు మాత్రం వేడెక్కి పైతొడుగు కరగతాది. గుర్రాల బండిలో ఎండుగడ్డి, ప్యాడింగులో ఫోము, కట్టేసిన జీవాలు. తాడు విప్పి దించేలోపల ఏం మిగలదు. ఈ తావ చదివే ప్రతి ఒక్కరూ రేపు పొద్దున్నే మీ బండి ఫ్యూజు చూసుకోండి, నేను దండం పెట్టి అడగతా ఉండా.

పలమనేరు_దావ
మామా, దావలో పోయేటప్పుడు లోపల లైట్లు ఏసే పోవాలా ఆపేయాలా? మా నాయన ఏసే ఉంచాలంటాడు, జీవం పడితే తెలుస్తాది గదా అని. మా డ్రైవరు ఆపేయాలంటాడు, అద్దంలో కొడతా ఉండాదని.

పశువుల_డాక్టరమ్మ
గుర్రం కన్ను గురించి తెలిస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. నేలమీద తిరిగే జంతువుల్లో అతి పెద్ద కళ్లున్న వాటిలో గుర్రం ఒకటి, కంటి వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది, టార్చి వేస్తే కళ్లు మెరిసేది అందుకే. మసక వెలుతురులో మనకంటే బాగా చూస్తుంది. కానీ వెలుతురులోనుంచి చీకట్లోకి, చీకట్లోనుంచి వెలుతురులోకి మారినప్పుడు దాని కన్ను మనకంటే నిదానంగా అలవాటు పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోనుంచి బండి లోపలికి చూస్తే దానికి అది చీకటి గుహ. అడుగు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోతుంది, మనం మొండితనం అనుకుని కర్ర తీస్తాం.

కాబట్టి ఎక్కించేటప్పుడు లోపల వీలైనంత బాగా వెలుతురు ఉండాలి. మబ్బులో ఎక్కించినా అంతే, బయట టార్చీలు, బండి హెడ్ లైట్లు దాని మొగం మీద పడనీయకండి. కప్పు లైటు దాని కంటికి నేరుగా కొట్టకుండా పక్కకి తిప్పి, మీద పాలరంగు మూత ఉంటే మంచిది. దావలో మాత్రం సన్నటి వెలుతురు ఒకటి చాలు, లేదంటే పూర్తిగా ఆపేసినా తప్పులేదు. ఏదైనా నిలకడగా ఉండాలి. ఆరి వెలిగే లైటు కంటే చీకటే నయం.

చంద్రగిరి_పికప్
మేడమ్ నీలం రంగు లైటు పెడితే గుర్రం శాంతంగా ఉంటాదని ఒకాయన చెప్పినాడు, నిజమేనా? ఎరుపు పెడితే కనపడదా?

పశువుల_డాక్టరమ్మ
గుర్రానికి రెండు రకాల రంగులే తెలుస్తాయి బాబూ, నీలం వైపువి, పసుపు వైపువి. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగా తెలియదు. రంగు మార్చి శాంతపరచాలని చూడకండి. మామూలు తెలుపు, కొంచెం పసుపు కలిసినది పెట్టండి, మనకి కూడా దెబ్బ తగిలితే రక్తం రంగు తెలియాలి కదా, ఎరుపు లైటులో రక్తం మీకే కనపడదు.

అడగకపోయినా ఇంకొకటి చెప్తున్నాను. లైటు బాగయ్యాక లోపల గుర్రాల తలలు ఎంత ఎత్తుకి కట్టారో చూడండి. మరీ పైకి కట్టేస్తే అవి తల దించి దుమ్మూ చీమిడీ బయటికి తోసుకోలేవు, గంటల తరబడి అలా ఉంటే ఊపిరితిత్తులకి జబ్బు వస్తుంది. దూరం పోయేటప్పుడు దావలో ఆపి తల దించనివ్వండి.

చిత్తూరు_లాయం
మామా, డాక్టరమ్మా, అయింది. కొత్త మైనస్ వైరు మీరు చెప్పినట్టే కప్పులో తెచ్చి క్యాబిన్ వెనక బిగించినాం. మైనస్ నుంచి మైనస్ కి ఇప్పుడు 0.2, ఆఖరి లైటు కాడ 13.6. ఫ్యూజు 5 ఏసినాం. మ్యాటు కింద సందు సీలెంటుతో మూసేసినాం. కప్పు లైట్లు ఆరూ ఒక్క తీరుగా వెలగతా ఉండాయి, ఘాట్ లో పోయొచ్చినా అదరలా.

ర్యాంపు లైటు మాత్రం ఇంకా అట్టే ఉండాది. ర్యాంపు దించితే ఆరిపోతాది, ఎత్తితే వస్తాది.

వైరింగ్_మామ_తిరుపతి
దించినప్పుడే పోతా ఉంటే ఇక మీటరే అక్కర్లా. కీలు కాడ వైరు వంగే తావలో లోపల రాగి పోగులు తెగింటాయి, పైన తొడుగు బాగానే ఉంటాది కాబట్టి కంటికి అగపడదు. లైటు ఏసి పెట్టి, ఆ తావలో వైరుని వేళ్లతో అటూ ఇటూ వంచు, లైటు కొట్టుకుంటాది. లేదంటే మెల్లగా లాగు, తెగిన కాడ రబ్బరు మాదిరి సాగతాది.

దానికి ఇంట్లో గోడలకి ఏసే గట్టి వైరు వాడొద్దు, సన్నపోగులు శానా ఉండే ఫ్లెక్సిబుల్ వైరు తీసుకో. కీలు కాడ ఒక జానెడు జాస్తి వదిలి వంపు ఇచ్చి, స్ప్రింగ్ పైపులో పెట్టి, రెండు కొనల్లో క్లిప్పులు ఎయ్. వంగే తావలో టై బిగించొద్దు, టై ఏసిన కాడనే తెగతాది. జాయింటు కూడా కీలు కాడ పెట్టొద్దు, బాడీ లోపలికి తీసుకోనిపో. గుర్రం గిట్టకి అందని ఎత్తులో, ర్యాంపు బయటి అంచు పక్కగా రావాల.

చిత్తూరు_లాయం
వంచి చూసినా, నిజమే, సరిగ్గా కీలు మీదనే. వైరు మారస్తా. ఈ పొద్దు మబ్బుతో పెద్ద గోడిగని తోలుకోని పోయి ర్యాంపు కాడ నిలబెట్టినా, ర్యాంపు లైటు లేకున్నా లోపల ఆరూ వెలగతా ఉండాయి. శానాసేపు చూసింది, మ్యాటు వాసన చూసింది, నేను తాడు లాగలా. తర్వాత దానంతట అదే ఎక్కింది.

మదనపల్లి_రౌతు
మంచి చర్చ అన్నా. నాదొక డౌటు. మాది పెద్ద బండి, 24 వోల్టులు, భాకరాపేట ఘాట్ మీద తిరపతికి తిరగతా ఉంటాం. లోపల 12 వోల్టుల లైట్లు ఏసినారు, రెండు బ్యాటరీల్లో ఒక దాని నుంచి వైరు తీసినారు. లైట్లు బాగా వెలగతాయి గానీ ఇంజిన్ రేజ్ చేస్తే కొంచెం కొట్టుకుంటాయి, పైగా ఒక బ్యాటరీ మాటిమాటికీ చచ్చిపోతాంది. రెండింటికీ సంబంధం ఉండాదా?

వైరింగ్_మామ_తిరుపతి
బ్యాటరీ చావుకి కారణం అదే. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపితేనే 24. నువ్వు ఒక్కదాని నుంచే లాగితే అది జాస్తి ఖాళీ అవుతాది, డైనమా మాత్రం రెండింటినీ కలిపి ఒకటే తీరుగా ఛార్జి చేస్తాది. లైట్లకి లాగే బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితో ఉంటాది, రెండోది ఓవర్ ఛార్జి అయి నీళ్లు ఎండిపోతాయి. ఆఖరికి రెండూ పోతాయి. 24 వోల్టుల లైట్లు ఎయ్, లేదంటే 24 నుంచి 12 కి దించే కన్వర్టర్ పెట్టు.

రేజ్ చేస్తే కొట్టుకునేది వేరే. మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడస్తా ఉండగా బ్యాటరీ కొనల మధ్య చూడు. మంచి డైనమాకి అది దాదాపు సున్నా ఉండాల. అర వోల్టు దాటితే డైనమా లోపల డయోడు పోయుండొచ్చు, దించి చూపించు.

మదనపల్లి_రౌతు
చూసినా మామా, 0.05 చూపిస్తాంది. డైనమా బాగున్నట్టేనా? మరి కొట్టుకునేది ఏంది? కన్వర్టర్ ఎన్ని యాంపులది తెచ్చుకోవాల, మొత్తం 40 వాట్ల లైట్లు ఉండాయి.

వైరింగ్_మామ_తిరుపతి
డయోడ్లు బాగుండాయి. అయితే నీదీ ఎర్త్ చూడాల, రేజ్ చేస్తే బాడీ అదరతాది గదా. పైన చిత్తూరు తమ్ముడికి చెప్పిన నాలుగు కొలతలు నువ్వూ తీసి పెట్టు, ఇంజిన్ రేజ్ చేసి ఒకసారి, చేయకుండా ఒకసారి. 40 వాట్లకి మూడున్నర యాంపుల లోపే, 5 యాంపుల కన్వర్టర్ సరిపోతాది, 24 పక్క కూడా విడిగా ఫ్యూజు ఎయ్. కన్వర్టర్ క్యాబిన్ లోపల గాలి తగిలే తావలో పెట్టు, గుర్రాలుండే పక్క వద్దు.